పోలయ్య వంతు

ఈ యాత్ర నుంచి తిరిగొచ్చిన వారం రోజుల్లోనే ఇది రాసేశాను. రాసి, అచ్చుకు పంపకుండా మా ఇంట్లో బియ్యపు డబ్బా కింద దాచాను. ఎందుకు దాచానో, ఇప్పుడెందుకు పైకి తీశానో చివరికి మీకే తెలుస్తుంది. ఈలోగా ఎలుకలు మొదటి రెండు పేజీలు తినేశాయి. అందులో ఉన్నవన్నీ నా రైలు ప్రయాణం గురించిన కోతలే కనక పాఠకులకు నష్టం లేదు. ఎలుకలకే అజీర్తి చేసి ఉంటుంది.

సంగతి మొదలైంది మా తెనాలిలో, కాఫీ హోటల్లో. పంచాయతీ సమితులు వచ్చి అప్పటికి మూడు నాలుగేళ్లయింది. ఊరూరా సర్పంచులు, ఆ సర్పంచులంతా కలిసి కూర్చునే సమితి, ఆ సమితికో ప్రెసిడెంటు, ప్రెసిడెంటుకో జీపు. ఆ జీపు మా వీధిలోకి వచ్చినప్పుడు లేచిన దుమ్ము మూడు రోజుల దాకా దిగలేదు. రెండో రోజు దానిమీద మినుములు చల్లినవాళ్లున్నారు. "వీళ్లంతా సర్పంచులు కాకముందు ఏం చేసేవాళ్లయ్యా?" అని నేనడిగాను. జమీందార్ల మనవలన్నాడొకడు. కేడీలన్నాడొకడు. పాపం, పనిలేని మంచివాళ్లన్నాడు మూడోవాడు. మూడు దోసెలు చల్లారాయి గాని మాట తెగలేదు.

మా పత్రిక సంపాదకుడు పక్క బల్ల మీంచి విన్నాడు. "వెళ్లి చూసి రాయి" అన్నాడు. "ఇక్కడివాళ్ల మీద రాస్తే ఇక్కడే తంతారు. దూరంగా పో."

దూరం అంటే నెల్లూరు. అక్కడ మా బావమరిది ఉన్నాడు; మంచం అద్దె ఉండదు. ఒక నోటు పుస్తకం కొని, పేజీ మధ్యన గీత గీసి, ఎడంపక్క "ముందు" అని, కుడిపక్క "ఇప్పుడు" అని రాసుకుని బయల్దేరాను.

బుచ్చిరెడ్డిపాలెం

నెల్లూరి నుంచి బుచ్చిరెడ్డిపాలెం పోయే బస్సులో కండక్టరు ఛార్జీ అణాల్లో అడిగి, చిల్లర నయాపైసల్లో ఇచ్చాడు. ఈ రెంటికీ మధ్య ఉన్న తేడా ఎటు పోయిందని అడిగితే, అది గవర్నమెంటుకీ దేవుడికీ మధ్య సంగతి అన్నాడు. దారికి అటూ ఇటూ వరి తప్ప ఇంకేమీ లేదు. ధాన్యం బళ్లు ఎదురైతే బస్సే పక్కకు తప్పుకుంది. బళ్లవాళ్లు నిద్రలో ఉన్నారు, ఎడ్లు మేలుకుని ఉన్నాయి.

పక్క పల్లెలో ఒక సర్పంచి ఇంటికి వెళ్లాను. అరవై ఏళ్ల పెద్దాయన. ఆయన కూర్చున్న అరుగు మీద మా తెనాలి మార్కెట్టు మొత్తం పట్టి, పైన కూరగాయలకు చోటు మిగులుతుంది. ముందు భోజనం పెట్టారు. మొలకొలుకుల అన్నం. ఆ బియ్యానికి కూర అక్కర్లేదని నెల్లూరు వాళ్లు గొప్పలు పోతుంటే ఇన్నాళ్లూ నవ్వేవాణ్ణి. ఇప్పుడు నవ్వను. మా వాళ్లు కారంతో మింగించే అన్నాన్ని వీళ్లు అన్నం రుచికోసమే తింటారు.

"సర్పంచి కాకముందు తమరేం చేసేవారండీ?" అని అడిగాను.

"ఇదే చేస్తుండినా."

"అంటే?"

"ఈ అరుగు మీదే కూర్చోనుండినా. మా నాయన మునసబు. మా తాత మునసబు. ఇప్పుడేదో ఓట్లు వచ్చినాయన్నారు. రానీండబ్బా, యాడికి వస్తాయి, ఈ అరుగు కాడికే గదా అన్నా. వచ్చినాయి."

"ఎవరూ పోటీ చెయ్యలేదా?"

"చేస్తానని ఒకడు వచ్చినాడు. అన్నం పెట్టి పంపిచ్చినా."

ఆయన చెప్పిన తీరులో కోపం లేదు, గర్వం కూడా లేదు. ఆ పోటీదారు ఏమయ్యాడని అడుగుదామనుకున్నాను. ఎదురుగా విస్తళ్లు ఎత్తుతున్న మనిషి నా వంక చూసి తల దించుకున్నాడు. జవాబు వచ్చేసినట్టే. "ముందు: అరుగు. ఇప్పుడు: అరుగు" అని రాసుకుని లేచాను.

వెంకటాచలం

ఇక్కడి రోడ్డు మీద మద్రాసు లారీలు పోతూ ఉంటాయి. వాటి హారన్లకు నా టోపీ రెండుసార్లు దానంతటదే లేచి నమస్కారం చేసింది. ఇక్కడికి దగ్గర్లోనే ఉన్న ఒక ఊరి సర్పంచి రిటైరైన బడిపంతులు. నేను వెళ్లేసరికి పంచాయతీ సమావేశం జరుగుతోంది. పంతులుగారు హాజరుపట్టీ చదువుతున్నారు.

"నాలుగో వార్డు!"

"ఆఁ సార్!"

"అయిదో వార్డు! అయిదో వార్డు యాడ?"

అప్పుడే వచ్చిన అయిదో వార్డు మెంబరు గుమ్మంలో ఆగిపోయాడు. యాభై ఏళ్ల మనిషి, మీసాలు భుజాల దాకా ఉన్నాయి. భుజాల దాకా కాకపోయినా చెంపల దాకా ఉన్నాయి.

"గేదె ఈనింది సార్."

"నీ చిన్నప్పుడు గూడా ఇదే జెప్పినావు. ఆ గేదె ఇంకా ఈనతానే ఉండాదా? నిలబడు."

నిలబడ్డాడు. ఓటు వేసిన వాళ్లంతా ఆయన శిష్యులే. సభ అయ్యాక పంతులుగారు నాకు మజ్జిగ ఇచ్చి, గొంతు తగ్గించి అన్నారు: "మా ఊళ్లో వేలిముద్ర వేసేవాడు లేడయ్యా. అందరికీ సంతకం నేర్పినా. దేనికి సంతకం పెట్టగూడదో గూడా దాంతోనే నేర్చుకున్నారు. ఇప్పుడు నేనేం తీర్మానం పెట్టినా ఒక పట్టాన పెట్టరు." ఆయన అది ఫిర్యాదుగా చెప్పలేదు. కొడుకు తనకంటే పొడుగయ్యాడని తండ్రి చెప్పినట్టు చెప్పారు.

మనుబోలు

మనుబోలు దగ్గర మా బస్సు ఆగిపోయింది. డ్రైవరు బానెట్టు తెరిచి, లోపల ఉన్నది చూసి ఆశ్చర్యపోయి, మళ్లీ మూసేశాడు. రోడ్డు పక్కన దిగి కూర్చున్నాం. నా పక్కన ఒక లావుపాటి మనిషి, భుజం మీద ఎర్ర అంచు తువ్వాలు. నా నోటి వంకే చూస్తున్నాడు.

"మీకు నలభయ్యారు" అన్నాడు. "కాదంటే ఒకటి తక్కువ."

నలభై అయిదున్నర. ఎలా తెలిసిందన్నాను.

"పళ్లు చూసినా గదా. ఇరవై ఏండ్లు ఎద్దుల బేరం చేసినా నేను."

ఆయన పేరు చెంచురామయ్య. కోస్తా వైపు ఎగువపాలెం అనే ఊరికి సర్పంచి. నా నోటు పుస్తకం సంబరపడింది. సముద్రం పక్కన తిప్పకుప్పం దాకా పోతున్నానని చెప్పాను. సంతల్లో బేరగాళ్లు నోటితో ధర చెప్పరట. చేతులు రెండూ తువ్వాలు కింద కలిపి, వేళ్లు నొక్కి చెప్పుకుంటారు. చుట్టూ నూరుమంది నిలబడ్డా ఒక్కరికీ తెలియదు.

"సమితిలో గూడా అంతే. పైన ఉపన్యాసాలు, కింద వేళ్లు" అని నవ్వాడు. "మంగళవారం మా సమితి సభ ఉండాది. మంచినీళ్ల బావి ఒకటి వచ్చింది, ఒక్కటే. జాబితాలో మొదట తిప్పకుప్పం, రెండోది మేము. మీరు తిప్పకుప్పం పోతానంటుండారు గదా, తిరిగొచ్చేటప్పుడు మా ఇంట్లో దిగాల. కోడిని కోస్తా."

కోడి మాట విని నేను ఒప్పుకున్నాను. ఆ కోడి ఖరీదు నాకప్పుడు తెలియదు.

తిప్పకుప్పం

ఇక్కడి నుంచి నేను ఏదీ పెంచి చెప్పను. పెంచితే తగ్గిపోయే సంగతి ఇది.

తిప్పకుప్పం అనే పేరు నేను పెట్టింది. అసలు పేరు చెప్పను. ఊరు సముద్రానికీ పులికాట్ సరస్సుకీ మధ్య ఇసుక మీద ఉంది. సరస్సును వాళ్లు చెరువనీ, ప్రళయకావేరనీ అంటారు. పడవలో దాటి వెళ్లాను. అరవై గుడిసెలు, ఎండుతున్న వలలు, ఎండుతున్న రొయ్యలు. నీళ్లకు మాత్రం లోటు లేదు: తూర్పున నీళ్లు, పడమట నీళ్లు, అన్నీ ఉప్పే.

సర్పంచి పోలయ్య ఇల్లెక్కడని అడిగాను. ఒక ముసలాయన, ఆ ఊరి కులపెద్ద, పెద్దకాపు అంటారు, నన్ను ఒక గుడిసె ముందుకు తీసుకుపోయాడు. గుమ్మం పక్కన కడవ, కడవ మీద చెంబు. బురదలో నడిచి వచ్చానేమో, మా ఊళ్లో ఎవరింటికి వెళ్లినా చేసే పనే చేశాను. చెంబుతో నీళ్లు ముంచి కాళ్లు కడుక్కున్నాను. మొహం కడుక్కున్నాను. పుక్కిలించి ఉమ్మాను. పంచె అంచుకు బురద అంటితే అదీ కడిగాను. తలెత్తి చూస్తే చుట్టూ పదిమంది నిలబడి ఉన్నారు. కడవలో అడుగు కనిపిస్తోంది.

లోపలినుంచి ఒకావిడ వచ్చింది. ముప్పై ఏళ్లుంటాయి. బొట్టు లేదు. కడవలోకి ఒకసారి చూసి, "ఇంకా కావాల్నా సామీ?" అంది.

వద్దన్నాను. ఆమె కడవ తీసి చంకన పెట్టుకుని పడవల వైపు వెళ్లిపోయింది. మంచినీళ్లు సరస్సు అవతలి ఒడ్డున ఉన్నాయని, పోయిరావడానికి ఒక పూట పడుతుందని, ఎండాకాలం నీళ్లు తగ్గి బురదైతే పడవ సాగదని, నడుములోతు బురదలో కడవ నెత్తిన పెట్టుకుని వస్తారని పెద్దకాపు చెప్పాడు. నన్ను తప్పుపట్టడానికి చెప్పలేదు, అడిగానని చెప్పాడు. మా ఊళ్లో కాలవ ఇంటి వెనకే పారుతుంది. గేదెలను కూడా మేము రోజుకు రెండుసార్లు కడుగుతాం.

గుడిసెలో ఒక కుర్చీ ఉంది. ఊరికంతటికీ అదే కుర్చీ. నన్ను కూర్చోమంటారనుకున్నాను, అనలేదు. అందరం చాప మీద కూర్చున్నాం. నలభై ఏళ్ల మనిషి ఒకడు వచ్చి ఎదురుగా కూర్చున్నాడు.

"మీరేనా పోలయ్య గారు?"

"అవును సామీ. నేనే."

"సర్పంచి కాకముందు ఏం చేసేవారు?"

"పోలయ్య వల లాగతా ఉండె."

"మీరు?"

"నేను గూడా లాగతా ఉండినా."

పుస్తకంలో పెన్సిలు ఆగిపోయింది. ఆ మనిషి పెద్దకాపు వంక చూశాడు, పెద్దకాపు ఇసుక వంక చూశాడు. అన్నాలు తినమన్నారు. చేపల పులుసు, మామిడికాయ ముక్కలతో. దాని గురించి ఇంకో చోటైతే నాలుగు పేజీలు రాసేవాణ్ణి. ఇక్కడ ఆ పులుసులో ఎన్ని చెంబుల నీళ్లు పడ్డాయో లెక్కపెట్టుకుంటూ తిన్నాను.

పొద్దు వాలేవేళకు ఆవిడ కడవతో తిరిగొచ్చింది. పేరు కావమ్మ. నా ముందు సగం గ్లాసు నీళ్లు పెట్టి, ఆ మనిషితో అంది: "అన్నా, ఈయనకు అబద్ధం జెప్పబాకు. మన నీళ్లు తాగినాడు."

అప్పుడు చెప్పారు.

ఆ సరస్సులో ఎవరికి తోచిన చోట వారు వల వెయ్యరు. మంచి రేవులన్నిటికీ చీటీలు వేస్తారు. చీటీ వచ్చిన మనిషికి వంతు. దాన్ని పాడు అంటారు. ఆ వంతు నడిచినన్నాళ్లూ ఆ చోట వల అతనిదే. వంతు మధ్యలో మనిషి చనిపోతే వంతు చావదు. అతని పడవలో మనిషే అతని పేరు మీద వల వేస్తాడు. "పోలయ్య వల" అనే పిలుస్తాడు. చేప అతని ఇంటికి చేరుతుంది. వంతు పూర్తయ్యాకే వల పైకెత్తి, పేరు నీళ్లలో వదిలేస్తారు. తాతలనాటి కట్టుబాటు.

పంచాయతీ ఎన్నికలొచ్చినప్పుడు సర్పంచి అంటే ఏమిటని అడిగారట. ఊరి తరఫున సమితికి పోయి కూర్చునే మనిషి అన్నారట. అయితే అదొక పాడే గదా అని, తాటాకు ముక్కల మీద గుర్తులు గీసి చీటీలు వేశారు. పోలయ్యకు వచ్చింది. ఒక్కడే నామినేషను వేశాడు, ఏకగ్రీవం. పోలయ్య సమితికి రెండుసార్లు పోయి, బావి కావాలని వేలిముద్ర వేసి అర్జీ ఇచ్చాడు. ఆ ఎండాకాలం వాంతులు, విరేచనాలు వచ్చి ఊళ్లో ఏడుగురు పోయారు. నీళ్ల వల్లనే. అందులో పోలయ్య ఒకడు. ఆ ఖాళీ కుర్చీ అతనిదే.

"మరి మీరు?" అన్నాను ఎదుటి మనిషితో.

"నా పేరు ఆర్ముగం. పోలయ్యది, నాది ఒకే పడవ. వాడి పెండ్లాం కావమ్మ నాకు చెల్లెలు. వంతు ఇంకా ఉండాది గదా సామీ. అందుకని పోతుండా."

"సమితిలో ఎవరూ గుర్తుపట్టలేదా?"

ఆర్ముగం నవ్వాడు. ఆ నవ్వు రాయడం నాకు చేతకాదు. "నలభైమంది సర్పంచులుండారు. మేం వెనక బల్ల మీద కూర్చుంటాం. సముద్రపోళ్ల మొహం యెవురు జూస్తారు సామీ?"

ఇది చట్టం ఒప్పుకోదని చెప్పాను. బయటపడితే ఆర్ముగం జైలుకు పోతాడని కూడా చెప్పాను. పెద్దకాపు నెమ్మదిగా అన్నాడు: "సచ్చినాడని జెప్పుంటే మళ్లా ఓట్లు పెట్టేదాకా ఊరికి మనిషి ఉండడంట. మనిషి లేని ఊరికి బావి యెవురిస్తారు? పోలయ్య అడిగిన బావి. మంగళవారం తీర్మానం అయిపోతే చాలు."

"ఓవర్సీరు కొలతలకొచ్చినప్పుడు నేను ఇంట్లో ఉండను" అంది కావమ్మ. తన నుదుటి మీద చెయ్యి పెట్టుకుంది. "దీన్ని జూస్తే తెలిసిపోతాది గదా. పడవలో పోయి కూర్చుంటా." కొంచెం ఆగి అడిగింది: "ఇదంతా రాస్తారా?"

"రాయనమ్మా. ఎవరికీ చెప్పను."

వాళ్లు ఒట్టు వెయ్యమనలేదు. అంత మాత్రం నమ్మకం నా మీద మా ఇంట్లో కూడా ఎవరికీ లేదు.

ఎగువపాలెం

సోమవారం మధ్యాహ్నం చెంచురామయ్య ఇంట్లో కోడికూర, గడ్డపెరుగు. ఎదురుగా నలుగురు కూర్చుని నవ్వడానికి సిద్ధంగా ఉంటే నాకు మెదడు పనిచెయ్యదు, నాలుకే పనిచేస్తుంది. అరుగు సర్పంచి గురించి చెప్పాను, నవ్వారు. పంతులుగారి గేదె గురించి చెప్పాను, పొర్లారు. ఇంకోటి చెప్పమన్నారు. ఊరు పేరు చెప్పకపోతే తప్పేముందనిపించింది. "ఒక ఊళ్లో చచ్చిపోయినాయన సమితి సభలకు వస్తున్నాడు తెలుసా? వచ్చి, కాఫీ తాగి, చేతులెత్తి మరీ వెళ్తున్నాడు!" అన్నాను. చచ్చినాయన జీపు కూడా అడిగాడని కలిపాను.

అందరూ నవ్వారు. చెంచురామయ్య కూడా నవ్వాడు. భోజనాలయ్యాక తువ్వాలు తీసి, "రండయ్యా, బేరం నేర్పిస్తా" అన్నాడు. తువ్వాలు కింద నా నాలుగు వేళ్లు పట్టుకున్నాడు. నాలుగు వేళ్లు పడితే ఇంత, చూపుడువేలు కణుపు నొక్కితే ఇంత. నేర్పుతూనే ఉన్నాడు. మాటల మధ్యలో, ఏ దారిన వచ్చారని అడుగుతున్నట్టు, చుట్టుపక్కల ఊళ్ల పేర్లు ఒకటొకటే అంటున్నాడు. ఆరో పేరో ఏడో పేరో తిప్పకుప్పం.

నా వేలు అదిరింది.

చెంచురామయ్య తువ్వాలు తీసి మడిచి భుజాన వేసుకున్నాడు. "బాగా నేర్చుకున్నారు" అన్నాడు. అంతే. ఆయన నవ్వడం లేదు. పెరట్లో ఆయన భార్య, ఇద్దరు కోడళ్లు ఖాళీ బిందెలతో బయటికి పోతూ కనిపించారు.

సమితి సభ

మంగళవారం సభ. ముందు బల్లల మీద ఇస్త్రీ పంచెలు, మధ్య బల్లల మీద ఉతికిన పంచెలు, వెనక బల్ల మీద ఆర్ముగం, ఇంకో ఇద్దరు. నాకు గోడవారన స్టూలు వేశారు. ప్రెసిడెంటు సన్నటి ముసలాయన. ఉప్పు సత్యాగ్రహం రోజుల్లో ఈ తీరంలోనే ఉప్పు వండి జైలుకు పోయాడట. "ముందు: ఉప్పు" అని రాసుకున్నాను.

బావి తీర్మానం వచ్చింది. బ్లాకు ఆఫీసరు చదివాడు: "తిప్పకుప్పం. అర్జీదారు సర్పంచి పోలయ్య."

చెంచురామయ్య లేచాడు. "అధ్యక్షా, పోలయ్య సచ్చిపోయినాడు. వెనక కూర్చోనుండేది పోలయ్య కాదు. నా మాట కాదు, ఈ రచయిత గారు మా ఇంట్లో అన్నం తింటా చెప్పినాడు. అడగండి."

నలభై తలలు వెనక్కి తిరిగాయి. అన్నాళ్లలో మొదటిసారి ఆ బల్ల వంక అందరూ చూశారు. ఆర్ముగం కదల్లేదు. బొటనవేలు మాత్రం పిడికిట్లో దాచుకున్నాడు. నా వంక చూశాడు. ఆ చూపులో కోపం ఉన్నా బావుండేది. కావమ్మ కడవలోకి చూసినట్టు చూశాడు.

"చెప్పండి" అన్నాడు ప్రెసిడెంటు నాతో.

నేను లేచాను. ఇరవై ఏళ్లుగా జనాన్ని నవ్వించి బతుకుతున్నవాణ్ణి. ఆ రోజు మాత్రం నామీదే నవ్వించాలి.

"అయ్యా, నా వృత్తే అబద్ధాలు. మూర ఉన్నదాన్ని ఆమడ చెయ్యకపోతే మా సంపాదకుడు డబ్బులివ్వడు. నిన్న చెంచురామయ్య గారింట్లో కోడికూర బాగుండి, నోరు జారి, చచ్చినాయన కథ ఒకటి అల్లాను. ఆ చచ్చినాయన జీపు అడిగాడని కూడా చెప్పాను. అడిగాడా? మొన్న సరస్సులో ఒక చేపను చూశాను, సమితి జీపంత ఉంది. ముందు రెండు దీపాలు కూడా ఉన్నాయి. అదీ నమ్ముతారా?"

సభ గొల్లుమంది. "వీడెవడబ్బా, పిచ్చోడు!" అన్నారు ముందు బల్ల నుంచి. "ఈయన మాట పట్టుకోని లేచినావా చెంచురామా!" అన్నారు ఇంకొకరు. చెంచురామయ్య నవ్వలేదు. నా వంక చూస్తూ కూర్చున్నాడు. అబద్ధం ఎక్కడుందో బేరగాడికి తెలియదా!

ప్రెసిడెంటు చెయ్యెత్తితే నవ్వులు ఆగాయి.

"పోలయ్యా" అని వెనక బల్లను పిలిచాడు.

ఆర్ముగం లేచి నిలబడ్డాడు.

"ఉప్పు వండే రోజుల్లో పది దినాలు మీ ఊళ్లో దాక్కోనుండినా. ఆ నీళ్లు తాగినా. ఇప్పుడు గూడా అట్నే ఉండాయా?"

"అట్నే ఉండాయి సామీ."

"సరే. తీర్మానం."

చేతులు లేచాయి.

బయట ప్రెసిడెంటు జీపు ఎక్కబోతూ నన్ను పిలిచాడు. "నా కుర్చీ కొంచెం ఎత్తుగా ఉంటాది" అన్నాడు. "వెనక బల్ల గూడా కనిపిస్తుంది నాకు." ఎక్కి కూర్చున్నాక, "ఆ చేపను ఇంకో మూర పొడుగు చెప్పుండినా నమ్ముందును" అన్నాడు. జీపు వెళ్లిపోయింది.

బస్సు దగ్గరికి చెంచురామయ్య వచ్చాడు. నన్ను తిడతాడనుకున్నాను, తిట్టించుకోవాలనే ఉంది. నా గొడుగు ఆయనింట్లో మరిచిపోతే తెచ్చాడు. "మా ఆడోళ్లు గూడా రెండు మైళ్లు పోతారయ్యా నీళ్లకు" అన్నాడు. "మా కోసరం గూడా ఒక అబద్ధం అట్టిపెట్టుకోనుండాల్సింది." గొడుగు చేతిలో పెట్టి, వెనక్కి తిరిగి చూడకుండా వెళ్లిపోయాడు.

తెనాలి

నాకు జ్వరం వచ్చింది, ఏమీ రాయలేదని సంపాదకుడికి చెప్పాను. కాఫీ హోటల్లో వాదన మళ్లీ లేచింది. అందులో నేను దోసె మాత్రమే తిన్నాను. నాకు నిజంగానే జ్వరమనుకున్నారు.

అప్పుడు రాసింది ఇంతవరకే. మొన్న కార్డు వచ్చింది. ఎవరో బడిపిల్లవాడి రాత, కావమ్మ చెప్పి రాయించింది. పంచాయతీ గడువు అయిపోయింది. పోలయ్య వంతు పూర్తయింది. ఊళ్లోనే, ఇసుకలో లోతుగా తీపి ఊట చూసి బావి తవ్వారు. మొదటి కడవ నీళ్లు ఊరంతా కలిసి ప్రళయకావేరిలో పోసి, వల పైకెత్తి, పోలయ్య పేరు వదిలారు. మళ్లీ చీటీలు వేస్తే ఎవరికో వచ్చింది, ఆ పేరు నాకు తెలియదు. ప్రెసిడెంటు కూడా మారాడట. ఇక దీన్ని అచ్చువేస్తే ఎవరికీ నష్టం లేదనిపించి డబ్బా కింద నుంచి తీశాను.

ఎగువపాలెం సంగతి ఆ కార్డులో లేదు. చెంచురామయ్యకు నేను రెండు ఉత్తరాలు రాశాను, జవాబు రాలేదు. నోటు పుస్తకంలో ఆయన పేరుకు ఎదురుగా "ముందు: బేరం" అని ఉంది. "ఇప్పుడు" అన్న చోట ఇంకా ఏమీ రాయలేదు.

కార్డు చివర చోటు చాలక అంచు మీద అడ్డంగా రాయించింది కావమ్మ: "సామీ, ఈ తూరి వస్తే కాళ్లు కడుక్కోను గూడా నీళ్లిస్తాం."